నెయ్‌మార్ ధర ఎంత? చెప్పిన లెక్క, తేలిన లెక్క

2013 జూన్ 3న బార్సిలోనాలోని క్యాంప్ నౌ స్టేడియానికి యాభై ఆరు వేల మందికి పైగా జనం వచ్చారు. ఆ రోజు మ్యాచ్ ఏమీ లేదు. బ్రెజిల్ నుంచి కొత్తగా వచ్చిన 21 ఏళ్ల కుర్రాడు క్లబ్ జెర్సీ వేసుకుని, బంతితో నాలుగు విన్యాసాలు చేసి చెయ్యి ఊపితే చూద్దామని వచ్చారంతే. అతన్ని 5.71 కోట్ల యూరోలకు తెచ్చామని క్లబ్ ప్రకటించింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే అదే క్లబ్, ‘నిజానికి ఖర్చయింది 8.62 కోట్లు’ అని ఒప్పుకోవాల్సి వచ్చింది. అధ్యక్షుడి కుర్చీ పోయింది. పన్నుల కేసు వేరే, మోసం కేసు వేరే. మోసం కేసులో తీర్పు వచ్చేసరికి 2022 డిసెంబరు అయింది. అప్పటికి ఆ కుర్రాడు ఆ క్లబ్ వదిలి ఐదేళ్లు దాటింది.

నెయ్‌మార్ గోల్స్ గురించి, డ్రిబ్లింగ్ గురించి, కింద పడి పొర్లడం గురించి కావలసినంత చదివాం. అతని విదేశీ కెరీర్‌ని మలుపు తిప్పినవి మాత్రం చాలావరకు కాగితాలు. ఆ కాగితాలు అర్థమైతే బ్రెజిల్ ఆటగాళ్లు అంతమంది బయటి దేశాలకు ఎలా వెళ్తున్నారో, ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతుందో కూడా అర్థమవుతుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఐపీఎల్ వేలం చూసి చూసి, ‘ఫలానా ఆటగాడు ఇన్ని కోట్లు పలికాడు’ అంటే ఆ డబ్బు అతనికే వస్తుందని మనకు అలవాటైపోయింది. 2024 నవంబరులో లక్నో జట్టు రిషభ్ పంత్‌కి 27 కోట్లు పాడింది. అది అతని సీజన్ జీతం. ఫుట్‌బాల్‌లో ట్రాన్స్‌ఫర్ ఫీజు అనేది జీతం కాదు. ఆటగాడికి పాత క్లబ్‌తో ఇంకా కాంట్రాక్టు ఉంది కాబట్టి, దాన్ని మధ్యలో వదిలిపెట్టినందుకు కొత్త క్లబ్ పాత క్లబ్‌కి కట్టే పరిహారం అది. జీతం వేరే మాట్లాడుకుంటారు. కాంట్రాక్టు అయిపోతే ఫీజు సున్నా. ఈ చివరి ముక్కే నెయ్‌మార్ వ్యవహారం మొత్తానికీ తాళం చెవి.

నెయ్‌మార్ 1992 ఫిబ్రవరి 5న సావో పాలో రాష్ట్రంలోని మోజి దాస్ క్రూజెస్‌లో పుట్టాడు. తండ్రి పేరు కూడా నెయ్‌మారే. ఆయనా ఫుట్‌బాల్ ఆడి, పెద్దగా పైకి రాలేకపోయినవాడు. కొడుకు 11 ఏళ్లకు సాంటోస్ క్లబ్‌లో చేరాడు. అది పెలే ఆడిన క్లబ్. 2006లో రియల్ మాడ్రిడ్ ఆ పిల్లాణ్ణి పిలిపించుకుని ట్రయల్స్ చేసింది. కుటుంబం అక్కడ ఇమడలేక కొద్ది రోజులకే తిరిగొచ్చేసింది. 2009 మార్చిలో, 17 ఏళ్లకు, సాంటోస్ మొదటి జట్టులోకి వచ్చాడు.

ఆ ఏడాదే సాంటోస్ ఒక పని చేసింది. నెయ్‌మార్ ‘ఆర్థిక హక్కుల్లో’ 40 శాతాన్ని డీఐఎస్ అనే కంపెనీకి దాదాపు 20 లక్షల యూరోలకు అమ్మేసింది. సోండా అనే సూపర్‌మార్కెట్ల గ్రూపుకి చెందిన కంపెనీ అది. తర్వాత మరో 5 శాతం టెయిసా అనే ఇంకో ఇన్వెస్టర్ల కంపెనీకి వెళ్లింది. అంటే రేపు ఈ కుర్రాణ్ణి ఎవరైనా కొంటే, వచ్చే ప్రతి వంద యూరోల్లో 40 సూపర్‌మార్కెట్ వాళ్లకి, 5 టెయిసాకి, మిగతా 55 క్లబ్‌కి. ఆటగాడు ఏ క్లబ్ తరఫున బరిలోకి దిగాలన్న రిజిస్ట్రేషన్ హక్కు మాత్రం సాంటోస్ దగ్గరే ఉంటుంది.

మనకి వింతగా అనిపించే ఈ వ్యాపారం అప్పట్లో బ్రెజిల్‌లో మామూలు విషయం. దాని వెనక చిన్న చరిత్ర ఉంది. పాతకాలంలో అక్కడ ‘పాసె’ పద్ధతి ఉండేది. కాంట్రాక్టు ముగిసినా ఆటగాడి మీద పట్టు క్లబ్‌దే. క్లబ్ వదిలితే తప్ప వేరే చోట ఆడలేడు. పెలే క్రీడా మంత్రిగా ఉన్న రోజుల్లో రూపుదిద్దుకుని, 1998 మార్చిలో వచ్చిన చట్టం దీన్ని రద్దు చేసింది. 2001 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని అందరూ పెలే చట్టం అనే అంటారు. ఆటగాడికి స్వేచ్ఛ వచ్చింది, మంచిదే. క్లబ్బులకు మాత్రం గుండెల్లో రాయి పడింది. అప్పుల్లో ఉన్న క్లబ్ తన దగ్గరున్న బంగారంలాంటి కుర్రాడు కాంట్రాక్టు ముగిసి ఉచితంగా వెళ్లిపోయేలోపు ఏదో ఒకటి చేసుకోవాలి. రేపటి అమ్మకంలో వాటాని ఈరోజే ఇన్వెస్టర్‌కి అమ్ముకోవడం అలా పెరిగింది. జీతాలు ఇవ్వడానికి డబ్బులొస్తాయి, కుర్రాడు ఇంకో రెండేళ్లు జట్టులో ఉంటాడు. ఆటగాళ్లలో బయటివాళ్ల వాటాలను ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా 2015 మే 1 నుంచి నిషేధించింది. నెయ్‌మార్ కథ ఆ నిషేధానికి ముందుది.

ఇప్పుడు ముడి పడిన చోటికి వద్దాం. 2010లో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ అడిగితే సాంటోస్ ఇవ్వలేదు. 2011లో నెయ్‌మార్ ఆ జట్టుకి దక్షిణ అమెరికా క్లబ్ కిరీటం కోపా లిబర్టడోరెస్ తెచ్చిపెట్టాడు. యూరప్‌లోని పెద్ద క్లబ్బులన్నీ వెంటపడ్డాయి. 2014 ప్రపంచకప్ తమ దేశంలోనే కాబట్టి అప్పటిదాకా ఉంటానని 2011 చివర్లో కాంట్రాక్టు పొడిగించుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే సాంటోస్, వేరే క్లబ్బులతో మాట్లాడుకోవడానికి తండ్రికి అనుమతిపత్రం ఇచ్చింది. ఆయన బార్సిలోనాతో ఒప్పందం చేసుకున్నారు. 2014లో కాంట్రాక్టు ముగిశాక కొడుకు బార్సిలోనాకే వస్తాడు. అందుకు నెయ్‌మార్ తల్లిదండ్రుల కంపెనీ ‘ఎన్ అండ్ ఎన్’కి 4 కోట్ల యూరోలు. అందులో కోటి అడ్వాన్స్. మాట తప్పిన వాళ్లు అవతలివాళ్లకి 4 కోట్లు కట్టాలి.

ఆ తర్వాత కొద్ది వారాలకే, 2011 డిసెంబరు 18న, యోకోహామాలో క్లబ్ వరల్డ్‌కప్ ఫైనల్ జరిగింది. సాంటోస్, బార్సిలోనా తలపడ్డాయి. బార్సిలోనా 4-0తో గెలిచింది. అవతలి జట్టు నుంచి కుటుంబానికి అడ్వాన్స్ ముట్టిన ఆటగాడు ఆ ఫైనల్ ఆడాడు. నెయ్‌మార్ కావాలని సరిగ్గా ఆడలేదని ఎవరూ రుజువు చేయలేదు, ఆ రోజు మెస్సీ బృందం ముందు ఎవరు నిలబడ్డా అంతే అయ్యేది. అయినా ఈ ఏర్పాటు నాకు అప్పుడూ ఇప్పుడూ జీర్ణం కాలేదు.

2014 దాకా ఆగడం బార్సిలోనాకి రిస్క్ అనిపించింది. రియల్ మాడ్రిడ్ కూడా పోటీలో ఉంది. అందుకని ఏడాది ముందే, 2013లోనే, తెచ్చేసుకుంది. ఏడాది కాంట్రాక్టు మాత్రమే మిగిలిన ఆటగాడికి సాంటోస్ ఎంత అడగగలదు? 1.71 కోట్ల యూరోలకి ఒప్పుకుంది. తండ్రి కంపెనీకి ముందే ఒప్పుకున్న 4 కోట్లు ఇచ్చేశారు. రెండూ కలిపితే 5.71 కోట్లు. స్టేడియంలో చెప్పిన అంకె ఇదే.

సూపర్‌మార్కెట్ కంపెనీకి మండింది ఇక్కడే. దానికి 40 శాతం వాటా వచ్చింది 1.71 కోట్ల మీద. అంటే సుమారు 68 లక్షలు. మొత్తం 5.71 కోట్ల మీద లెక్కేస్తే 2.28 కోట్లు రావాలి. ‘అమ్మకం ధరని కావాలనే రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్కకి వేరే పేరు పెట్టి నా వాటా ఎగ్గొట్టారు’ అన్నది వాళ్ల వాదన. ‘ఆ 4 కోట్లు అమ్మకం ధర కాదు. అతను 2014లో ఎలాగూ ఉచితంగా వచ్చేవాడే. అప్పుడు కుటుంబానికి ఇవ్వాల్సిన డబ్బు అది’ అన్నది బార్సిలోనా జవాబు.

గుట్టు ఇంతటితో ఆగేదేమో, జోర్డి కాసెస్ అనే క్లబ్ సభ్యుడు ఊరుకోలేదు. బార్సిలోనా ఒక కంపెనీ కాదు, లక్షకు పైగా సభ్యులున్న సంఘం. డబ్బు సభ్యులది. ‘ఆ 4 కోట్లు ఎందుకిచ్చారో చెప్పండి’ అని ఆయన 2013 డిసెంబరులో కోర్టుకెక్కాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. 2014 జనవరి 23న అధ్యక్షుడు సాండ్రో రొసెల్ రాజీనామా చేశాడు. మర్నాడే కొత్త అధ్యక్షుడు బార్తోమేవ్ లెక్కలు బయటపెట్టాడు. 5.71 కోట్లకు తోడు ఇంకా ఏమేం ఉన్నాయో చూడండి. సంతకం చేసినందుకు ఆటగాడికి బోనస్ కోటి. సాంటోస్‌లోని మరో ముగ్గురు కుర్రాళ్ల మీద ముందస్తు హక్కు కోసం 79 లక్షలు. మార్కెటింగ్ పేరుతో 40 లక్షలు. తండ్రికి ఏజెంట్ కమిషన్ 27 లక్షలు. నెయ్‌మార్ ఫౌండేషన్‌కి 25 లక్షలు. బ్రెజిల్‌లో కొత్త ప్రతిభను వెతికిపెట్టడానికి తండ్రికే ఇంకో 20 లక్షలు. కూడితే 8.62 కోట్లు, పైసా తేడా లేకుండా.

ఒక్కో కాగితం విడిగా చూస్తే దేనికదే న్యాయంగా కనిపిస్తుంది. ఫౌండేషన్‌కి విరాళం ఇస్తే తప్పేముంది? కుర్రాళ్ల మీద హక్కు కొనుక్కుంటే తప్పేముంది? అన్నీ ఒకే మనిషి ఒకే రాక చుట్టూ ఎందుకు తిరుగుతున్నాయన్నదే ప్రశ్న. స్పెయిన్ పన్నుల శాఖకీ అదే అనుమానం వచ్చింది. వేరే పేర్లతో వెళ్లిన సొమ్ము నిజానికి ఆటగాడి జీతమే, దాని మీద పన్ను కట్టలేదు అంది. బార్సిలోనా 2014 ఫిబ్రవరిలో తనంతట తానే 1.35 కోట్ల యూరోలు కట్టింది. 2016లో 55 లక్షల జరిమానాకి ఒప్పుకుని ఆ కేసు నుంచి బయటపడింది.

డీఐఎస్ వేసిన మోసం కేసు మాత్రం కొండవీటి చాంతాడు. 2022 అక్టోబరులో, ఖతర్ ప్రపంచకప్‌కి నెల ముందు, నెయ్‌మార్ బార్సిలోనా కోర్టులో నిందితుడిగా కూర్చున్నాడు. పక్కన తల్లిదండ్రులు, మాజీ క్లబ్ అధ్యక్షులు. బేరసారాలు తనకు తెలియవనీ, అవన్నీ నాన్నే చూసుకుంటారనీ, ఆయన పెట్టమన్న చోట సంతకం పెడతాననీ చెప్పాడు. మొదట జైలు శిక్ష అడిగిన ప్రభుత్వ న్యాయవాదే విచారణ చివర్లో అభియోగాలు వెనక్కి తీసుకున్నాడు. డిసెంబరులో అందరూ నిర్దోషులని తీర్పు వచ్చింది.

తీర్పుతో నాకు పేచీ లేదు. 20 లక్షలు పెట్టి నాలుగేళ్లలో 68 లక్షలు తీసుకున్న ఇన్వెస్టర్ మీద నాకు పెద్ద జాలి కూడా లేదు. ఆటగాడి కాంట్రాక్టు దగ్గరపడే కొద్దీ తన వాటా కరిగిపోతుందని తెలిసే ఆ పందెం కాశారు. నాకు తప్పుగా కనిపించేది రొసెల్ తీరు. తన సభ్యులకి 5.71 అని చెప్పి 8.62 ఖర్చు పెట్టడాన్ని చట్టం నేరం అనకపోవచ్చు. సభ్యుడికి మాత్రం దాన్ని వేరే పేరుతో పిలిచే హక్కు ఉంది.

మైదానంలో మాత్రం బార్సిలోనాకి పెట్టిన ప్రతి యూరో గిట్టుబాటయింది. 2014-15లో స్పెయిన్ లీగ్, స్పెయిన్ కప్, యూరప్ క్లబ్బుల కిరీటం ఛాంపియన్స్ లీగ్ మూడూ వచ్చాయి. బెర్లిన్ ఫైనల్లో జువెంటస్ మీద చివరి గోల్ నెయ్‌మార్‌దే. మెస్సీ, సువారెజ్‌లతో కలిసి ఆ సీజన్‌లో 122 గోల్స్. నాలుగేళ్లలో మొత్తం 186 మ్యాచ్‌లు, 105 గోల్స్. 2017 మార్చి 8 రాత్రి పారిస్ జట్టు పీఎస్‌జీ మీద 6-1 గెలుపులో చివరి ఏడు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి, మూడోది కొట్టించాడు. ఐదు నెలలకి అదే పీఎస్‌జీ జెర్సీ వేసుకున్నాడు.

అప్పుడు బార్సిలోనా వద్దనలేకపోయిందా అని చాలామంది అడుగుతారు. అనే వీలు లేదు. స్పెయిన్‌లో 1985 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం, క్రీడాకారుడు పరిహారం కట్టి కాంట్రాక్టు నుంచి ఎప్పుడైనా బయటకు రావచ్చు. ఆ పరిహారం ఎంతో ముందే కాంట్రాక్టులో రాసుకుంటారు. దాన్నే రిలీజ్ క్లాజ్ అంటారు. ఎవరూ కట్టలేనంత పెద్ద అంకె వేసి క్లబ్బులు నిశ్చింతగా ఉండేవి. 2016 అక్టోబరులో నెయ్‌మార్ కొత్త కాంట్రాక్టులో వేసుకున్న అంకెలు ఇవి: మొదటి ఏడాది 20 కోట్ల యూరోలు, రెండో ఏడాది 22.2 కోట్లు, ఆ తర్వాత 25 కోట్లు. అంతకుముందు ప్రపంచ రికార్డు పోగ్బా పేరిట ఉన్న పదిన్నర కోట్లు. దానికి రెట్టింపు ఎవడు కడతాడులే అనుకున్నారు. ఖతర్ ప్రభుత్వ సంస్థ వెనకున్న పీఎస్‌జీ ఆ 22.2 కోట్లూ కట్టింది. మన డబ్బులో అప్పటి రేటుకి 1,600 కోట్ల రూపాయల పైమాటే.

చట్టం ప్రకారం ఆ డబ్బు కట్టాల్సింది ఆటగాడే. అందుకే 2017 ఆగస్టు 3న నెయ్‌మార్ తరఫు లాయర్ చెక్కు పట్టుకుని స్పెయిన్ లీగ్‌ని నడిపే లా లిగా సంస్థ మాడ్రిడ్ ఆఫీసుకి వెళ్లాడు. లీగ్ తీసుకోనంది. నేరుగా బార్సిలోనా క్లబ్‌కే వెళ్లి ఇచ్చేశారు. అంతటితో అయిపోయింది, అమ్మమని అడిగిన వాళ్లూ లేరు, అమ్ముతామన్న వాళ్లూ లేరు.

‘జెర్సీలు అమ్మి ఆ డబ్బు రాబట్టుకుంటారు’ అని ఆ రోజుల్లో తెగ చెప్పుకున్నారు. అది వట్టి మాట. జెర్సీ ఆదాయంలో సింహభాగం తయారీ కంపెనీది, దుకాణాలది. క్లబ్‌కి సాధారణంగా పది, పదిహేను శాతం దగ్గర రాయల్టీ వస్తుంది. అసలు కిటుకు అకౌంట్లలో ఉంది. ఐదేళ్ల కాంట్రాక్టు కాబట్టి 22.2 కోట్లని ఒకేసారి ఖర్చు చూపించరు, ఏడాదికి 4.44 కోట్ల చొప్పున రాస్తారు. అమ్మిన క్లబ్‌కి మాత్రం ఆదాయం ఆ ఏడాదే వచ్చిపడుతుంది. డబ్బు చేతిలో ఉందని ఊరంతా తెలిసిన బార్సిలోనాకి ఎవరూ తక్కువకి అమ్మలేదు. డెంబెలెకి పదిన్నర కోట్లు, మరో బ్రెజిల్ ఆటగాడు కుటిన్యోకి 12 కోట్లు, పైన బోనస్‌లు. ఆ కుటిన్యోనే తర్వాత కొన్నాళ్లు ఆడటానికి జర్మనీ క్లబ్ బయర్న్‌కి అప్పుగా ఇస్తే, 2020 ఆగస్టులో బార్సిలోనాని 8-2తో చిత్తుచేసిన మ్యాచ్‌లో బయర్న్ తరఫున రెండు గోల్స్ కొట్టాడు. డబ్బు పారే దారిలో ఇలాంటి విడ్డూరాలు మామూలే.

ఈ పారకంలో పుట్టిన ఊరి క్లబ్‌కి ఏమైనా మిగులుతుందా? మిగులుతుంది, కానీ ఒక నిబంధన పుణ్యమా అని. ఒక దేశం నుంచి మరో దేశానికి జరిగే ప్రతి ట్రాన్స్‌ఫర్ ఫీజులో 5 శాతం, ఆటగాడికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు చేరాలని ఫిఫా నియమం. 12 నుంచి 15 ఏళ్ల దాకా ఏడాదికి పావు శాతం, ఆ తర్వాత ఏడాదికి అర శాతం. నెయ్‌మార్ 21 ఏళ్ల దాకా సాంటోస్‌లోనే ఉన్నాడు కాబట్టి, పారిస్ డబ్బులో మూడున్నర శాతానికి పైనే దాని వంతు. అంటే 77 లక్షల యూరోలు దాటుతుంది. 2013లో అమ్మకం ధరలో, వాటాదారులకి పోను సాంటోస్‌కి మిగిలింది 94 లక్షలు. తానే అమ్మినప్పుడు వచ్చినదానికీ, నాలుగేళ్ల తర్వాత ఎవరో కొన్నప్పుడు రావలసినదానికీ తేడా అంతే. పైగా ఈ రెండో సొమ్ములో ఇన్వెస్టర్ వాటా అడగలేడు.

ఇప్పటి కుర్రాళ్ల దారి కొంచెం మారింది. 18 ఏళ్లలోపు వాళ్లని దేశం దాటించడం ఫిఫా నిషేధించింది కాబట్టి, యూరప్ క్లబ్బులు ముందే కొని, పుట్టినరోజు కోసం ఎదురుచూస్తాయి. వినీసియస్‌ని రియల్ మాడ్రిడ్ 2017లో 16 ఏళ్లకే 4.5 కోట్లకు కొని 2018 జులైలో తీసుకెళ్లింది. ఎండ్రిక్ కూడా అంతే: 2022 డిసెంబరులో ఒప్పందం, 2024 జులైలో ప్రయాణం. కుటుంబానికి విడిగా వేరే కంపెనీ, వేరే ఒప్పందం అంటూ మూడేళ్లు నానబెట్టే పని తగ్గింది.

వీళ్లందరూ పైమెట్టు వాళ్లు. విదేశాల్లో ఆడే బ్రెజిలియన్లు వెయ్యికి పైగా ఉంటే, ఎక్కువమంది కాంట్రాక్టు ముగిశాక ఫీజు లేకుండా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారుతూ ఉంటారు. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ మన దేశ ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ గెలిచింది గుర్తుందా? ఆ జట్టు కెప్టెన్ జోవావ్ విక్టర్ బ్రెజిలియనే. అంతకుముందు స్పెయిన్‌లో మయోర్కాకు ఆడినవాడు. మన లీగ్‌కి వచ్చే విదేశీయుల్లో ఎక్కువమందికి ఫీజు ఉండదు. ఫీజు లేకపోతే చిన్ననాటి క్లబ్‌కి ఐదు శాతమూ ఉండదు.

పారిస్‌లో నెయ్‌మార్ ఆరేళ్లు ఉన్నాడు. 173 మ్యాచ్‌లు, 118 గోల్స్. లెక్క బాగానే ఉంది. ఆరేళ్లలో ఆడాల్సిన మ్యాచ్‌లలో ఎన్నో గాయాలకే పోయాయి. 2018లో కుడి పాదం ఎముక విరిగింది, 2019లో అదే చోట మళ్లీ. 2020 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో బయర్న్ చేతిలో 1-0 ఓటమి. 2023 ఆగస్టులో సౌదీ క్లబ్ అల్ హిలాల్ దాదాపు 9 కోట్ల యూరోలకు కొంది. అదే నెలలో ఆసియా ఛాంపియన్స్ లీగ్ డ్రాలో అల్ హిలాల్, ముంబయి సిటీ ఒకే గ్రూపులో పడ్డాయి. నెయ్‌మార్ పుణెకి వస్తాడని మన దేశంలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లంతా టికెట్ల కోసం లెక్కలు వేసుకున్నారు. అక్టోబరు 17న ఉరుగ్వేతో ఆడుతుండగా మోకాలి లిగమెంట్ తెగింది. నవంబరులో అల్ హిలాల్ వచ్చింది, అతను రాలేదు. ఆ క్లబ్‌కి మొత్తం మీద ఆడింది ఏడు మ్యాచ్‌లు, కొట్టింది ఒక్క గోల్.

2025 జనవరిలో అల్ హిలాల్ అతనితో కాంట్రాక్టు రద్దు చేసుకుంది. నెలాఖరుకి సాంటోస్‌లో సంతకం అయింది. ఆ క్లబ్ 2023లో చరిత్రలో మొదటిసారి రెండో డివిజన్‌కి జారి, అప్పుడే పైకి ఎక్కి వచ్చింది. ఈసారి ట్రాన్స్‌ఫర్ ఫీజు లేదు. మొదట రాసుకున్న ఒప్పందం ఆరు నెలలకే.